ట్రంకు రోడ్డు పనిలో తారు ఆఖరున

పట్టణ ప్రవేశ రహదారుల అభివృద్ధిపై వార్డు కౌన్సిలర్లు, మున్సిపల్ ఇంజినీర్లు, వ్యాపారుల సంఘం సభ్యుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.

అందరికీ నమస్కారం. వెనక నించున్నవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ముందు వరస ఖాళీగానే ఉంది, మన సభల్లో ముందు వరస ఎప్పుడూ ఖాళీయే. రండి, మీరు కూడా రండమ్మా.

ఇవాళ మాట్లాడుకునేది ఊళ్లోకి వచ్చే రోడ్డు గురించి. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు దీన్ని ట్రంకు రోడ్డు అంటారు. ఒకప్పుడు మద్రాసు, కలకత్తా లారీలన్నీ ఊరి నడిబొడ్డు నుంచే పోయేవి. తర్వాత బైపాస్ వచ్చింది. 2010లో హైవేల నంబర్లు మార్చినప్పుడు 5వ నంబరు కాస్తా 16 అయింది, హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే 9వ నంబరు 65 అయింది. నంబరూ బైపాస్‌తో పాటే పోయింది. పాత రోడ్డు మాత్రం ఊరికి మిగిలిపోయింది. దాని మీదే బస్టాండు, దాని మీదే కాలేజీ, దాని మీదే మార్కెట్ యార్డు. ప్రతి ఊళ్లోనూ ఇదే వరస.

ఇప్పుడు ఆ రోడ్డుని బాగుచేద్దాం అనగానే మన నోట్లో మొదట వచ్చే మాట ఏమిటి? చెప్పండి. సుందరీకరణ! ఊరి మొదట్లో ఒక ఆర్చి, డివైడర్ మీద సీతాకోకచిలుక లైట్లు, కొంచెం పచ్చగడ్డి, పైన నల్లటి తారు. ప్రారంభం రోజు ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. రెండు వానలు పడ్డాక అదే చోట ఫొటో తీయండి.

ఒక లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. రోడ్డు 3 కిలోమీటర్లు. డివైడర్‌కి అటూ ఇటూ ఏడున్నర మీటర్ల తారు. మొత్తం 45,000 చదరపు మీటర్లు. పైన 40 మిల్లీమీటర్ల బీసీ, అంటే బిటుమినస్ కాంక్రీటు అనే పై తారు పొర, వేస్తే 1,800 ఘనపు మీటర్లు, తూకంలో సుమారు 4,300 టన్నులు. 16 టన్నుల టిప్పరైతే 270 ట్రిప్పులు. ఓ మాదిరి హాట్‌మిక్స్ ప్లాంటు గంటకు 90 టన్నులు ఇచ్చిందనుకోండి, రాత్రికి ఎనిమిది గంటలు పనిచేస్తే ఎన్ని రాత్రులు? ఆరు. ఆరంటే ఆరు రాత్రులు.

మరి ఆరు రాత్రుల పనికి ఏడాదిన్నర ఎందుకు పడుతుంది? ఆ ఏడాదిన్నరలో చేయాల్సింది చేయకుండా ఆరు రాత్రుల పని ముందు చేసేస్తే ఏమవుతుంది? ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఆరు రాత్రుల ముందు సంగతే.

అసలు ఇది ఎవరి రోడ్డు?

ముందుగా తేలాల్సింది ఇది. నవ్వకండి. ట్రంకు రోడ్డు ఎవరిదని ఊళ్లో అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. బైపాస్ వచ్చింది కాబట్టి మాది కాదని జాతీయ రహదారులవాళ్లు అంటారు. మాకింకా అప్పగించలేదని రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ, అదే ఆర్ అండ్ బీ, అంటుంది. మా దగ్గర డబ్బు లేదని మున్సిపాలిటీ అంటుంది. ముగ్గురూ అబద్ధం చెప్పటం లేదు, అదీ చిక్కు.

కాగితం మీద ఎలా తేలుతుందో చూడండి. జాతీయ రహదారిని ఆ జాబితా నుంచి తీసేయాలంటే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద గెజిట్ నోటిఫికేషన్ రావాలి. బైపాస్ తెరిచినంత మాత్రాన పాత ముక్క దానంతటదే రాష్ట్రానిది అయిపోదు. కాబట్టి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు గారూ, మొదటి ఫైలులో మొదటి కాగితం ఆ గెజిట్ కాపీ. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు తీసేశారు, ఎవరికి అప్పగించారు, అది రాసి ఉండాలి.

ఇందులోనే డబ్బు సంగతి ఒకటి దాగి ఉంది. బైపాస్ అయిన పాత ముక్కని రాష్ట్రానికి అప్పగించే ముందు కేంద్ర రహదారుల శాఖ ఒకసారి బాగుచేసి ఇచ్చే పద్ధతి ఉంది. వన్‌టైమ్ ఇంప్రూవ్‌మెంట్ అంటారు. పేరులోనే ఉంది కదా, ఒక్కసారే. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టేశాక వెళ్లి అడిగితే ఎవరిస్తారు? సంతకానికి ముందే జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి, ఏ కల్వర్టు పగిలింది, ఎక్కడ డ్రైను లేదు, ఎక్కడ రోడ్డు కుంగింది అన్నీ రాయించి, ఆ పని అయ్యాకే తీసుకోవాలి. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు కుళాయి కారుతోందా లేదా చూస్తాం. రోడ్డు తీసుకునేటప్పుడు చూడం.

రోడ్డు ఒకరిదైనా, దాని మీదున్నవన్నీ ఒకరివి కావు. కరెంటు స్తంభం కరెంటు పంపిణీ సంస్థ డిస్కంది. మంచినీళ్ల పైపు మున్సిపాలిటీది. కల్వర్టు కింద పారే కాలువ ఇరిగేషన్‌ది. పక్కనున్న స్థలం రికార్డు రెవెన్యూది, సర్వేది. కలెక్టర్ గారి దగ్గర వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఎవరి పని ఎంత, ఎవరి డబ్బు ఎంత అని మినిట్స్ రాయించకుండా ఎస్టిమేట్ మొదలుపెట్టకండి.

వంద అడుగులని ఎవరు చెప్పారు?

మాస్టర్ ప్లాన్‌లో వంద అడుగులని ఉంటుంది. నేల మీద టేపు పెడితే ఒకచోట 92, ఇంకోచోట 71. మిగతా అడుగులు ఏమయ్యాయి? కొన్నిచోట్ల ఆక్రమణ. కొన్నిచోట్ల అసలు ఆ స్థలం ఏనాడూ ప్రభుత్వానిది కాదు, పట్టా భూమి. మాస్టర్ ప్లాన్‌లో గీత గీసినంత మాత్రాన పట్టా భూమి రోడ్డయిపోదు. ఈ రెండింటినీ కలిపేసి అందరికీ ఒకే ఎర్రరంగు మార్కింగ్ వేస్తే ఏమవుతుంది? అసలు పట్టాదారు కోర్టుకి వెళతాడు, స్టే తెస్తాడు, అతని నీడలో ఆక్రమణదారుడూ హాయిగా ఉంటాడు.

2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మహరాజ్‌గంజ్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. రోడ్డు వెడల్పు పేరుతో నోటీసు లేకుండా ఇల్లు పడగొట్టినందుకు 25 లక్షల పరిహారం ఇమ్మంది. అంతటితో ఆగలేదు. రోడ్డు వెడల్పు ఎలా చేయాలో అన్ని రాష్ట్రాలకూ వరస చెప్పింది. మొదట రికార్డు ప్రకారం రోడ్డు వెడల్పు ఎంతో తేల్చండి. తర్వాత సర్వే చేసి హద్దులు గుర్తించండి. ఆక్రమణ అని తేలితే నోటీసు ఇవ్వండి. అభ్యంతరం చెబితే విని, కారణాలతో ఆర్డరు ఇవ్వండి. రికార్డు వెడల్పు చాలకపోతే చట్టప్రకారం భూమి సేకరించండి. ఇదీ వరస. ఈ వరస తప్పితే మీ రోడ్డు కోర్టు వరండాలో పడుకుంటుంది.

కాబట్టి పనిలో మొదటి మూడు నెలలు సర్వేయర్‌వి. ఎఫ్ఎంబీ అనే పొలం కొలతల పుస్తకం, టౌన్ సర్వే రికార్డు, మున్సిపల్ ఆస్తిపన్ను రికార్డు, మూడూ పక్కపక్కన పెట్టి ప్రతి ఇంటికీ ఒక వరస రాయండి. డోర్ నంబరు, రికార్డు హద్దు, నేల మీద హద్దు, తేడా, పట్టానా ఆక్రమణా. 3 కిలోమీటర్లకి రెండు వైపులా అయిదారు వందల వరసలు రావచ్చు. రానివ్వండి. ఆ పట్టికే మీ కోటగోడ.

పరిహారం ఎలా? 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణంలో మార్కెట్ విలువ, దాని మీద నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే ఓదార్పు సొమ్ము, పైన ఏడాదికి 12 శాతం అదనం. అంటే కనీసం రెట్టింపు. చిన్న మున్సిపాలిటీకి మోయలేని బరువు. అందుకని టీడీఆర్ బాండ్లు, అంటే పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు కాగితాలు, ఇద్దామంటారు. రోడ్డుకి స్థలం ఇచ్చినవాళ్లకి నాలుగు రెట్ల టీడీఆర్ ఇచ్చేలా మన రెండు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వులు వచ్చాయి. వినటానికి బాగుంది. 20 గజాలు పోతే 80 గజాల బాండు. కానీ ఆ బాండు ఎవరు కొంటారు? పెద్ద నగరంలో అపార్టుమెంటు కట్టేవాడు అదనపు అంతస్తు కోసం కొంటాడు. మీ ఊళ్లో జి ప్లస్ టూ మించి కట్టేవాళ్లెందరు? చిన్న ఊళ్లో టీడీఆర్ బీరువాలో ఉండే కాగితం. దానికంటే, మిగిలిన స్థలంలో కట్టుకునేటప్పుడు సెట్‌బ్యాక్‌లో, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీలో, సడలింపు, ప్లానుకి వెంటనే అనుమతి, ఇవి చిన్న కొట్టువాడికి చేతికందే లాభం. బిల్డింగు రూల్సులో దీనికి చోటు ఉంది. టౌన్‌ప్లానింగ్ వాళ్లు ఆ లెక్కని ఇంటింటికీ కాగితం మీద వేసి చూపించాలి. నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా.

తోపుడు బళ్లవాళ్ల సంగతి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే అయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్లని లేపటానికి లేదు. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం సభ్యులు వాళ్లే ఉండాలి. ఇది దయ కాదు, చట్టం. డిజైనులోనే వాళ్ల చోటు గీయండి. గీయకపోతే వాళ్లు మీ ఫుట్‌పాత్ మీద తామే గీసుకుంటారు.

సరే, వెడల్పు తేలింది. వంద అడుగులు, అంటే 30 మీటర్లు దొరికిందనుకుందాం. ఎలా పంచుతారు? మధ్యలో డివైడర్ 1.2 మీటర్లు. అటూ ఇటూ తారు ఏడున్నర చొప్పున 15. ఇక్కడికి 16.2. మిగిలింది 13.8, ఒక్కోవైపు 6.9. అందులో బళ్లు ఆపటానికి, ఆటో స్టాండుకి, బస్‌బేకి రెండున్నర. చెట్లు, స్తంభాలకి 1.2. ఫుట్‌పాత్ 2.2. మిగిలిన ఒక మీటరు పైపులకి, కేబుళ్లకి. మొత్తం 6.9. సరిపోయింది. 71 అడుగులున్న చోట ఏం చేస్తారు? అందరూ చేసే పని ఫుట్‌పాత్ తీసేయటం. అది చేయకండి. ముందు పార్కింగ్ తీసేయండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 103 ప్రకారం నడిచే దారి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె, కొట్టు మెట్లు, బోర్డు స్తంభం పోను 1.8.

నీళ్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే తారు రోడ్డుకి శత్రువు లారీ అనుకుంటాం. లారీ కూడా శత్రువే, కానీ నీళ్లు తోడు లేకపోతే అంత తొందరగా చంపలేదు.

మన 3 కిలోమీటర్ల రోడ్డు, 30 మీటర్ల వెడల్పు. విస్తీర్ణం 9 హెక్టార్లు. గంటకి 60 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. మీ ఊరి అంకె వాతావరణ శాఖ రికార్డు నుంచి తీసుకోండి, నా అంకె రాసుకోకండి. అందులో 80 శాతం పారుతుంది. గంటకి 4,320 ఘనపు మీటర్లు, సెకనుకి 1.2. రెండు వైపులా డ్రైను ఉంటే ఒక్కోదానికి 0.6. ఇది రోడ్డు మీద పడ్డ నీళ్లు మాత్రమే. పక్క కాలనీలు ఎత్తులో ఉంటే వాటి నీళ్లు అదనం.

ఇప్పుడు 90 సెంటీమీటర్ల వెడల్పు, 90 లోతు సిమెంటు డ్రైను తీసుకోండి. వాలు వెయ్యికి ఒకటి. పైన 15 సెంటీమీటర్లు వదిలేసి, 75 లోతు నీళ్లు పారితే సెకనుకి 0.61 ఘనపు మీటర్లు మోస్తుంది. కుదిరింది, సరిగ్గా సరిపోయింది! డిజైను ఇంజినీరు సంతోషంగా ఇంటికి వెళతాడు. కానీ అడుగున 30 సెంటీమీటర్ల పూడిక పేరుకుంటే? 45 లోతే మిగులుతుంది. అప్పుడు మోసేది 0.32. సగానికి సగం. పూడిక అడుగు ఎత్తే కదా అనుకుంటాం, ఆ అడుగే డ్రైనుని సగం తినేసింది. అందుకే ప్రతి పది మీటర్లకి ఎత్తగలిగే పలక పెట్టండి. ఎత్తగలిగే అంటే ఇద్దరు మనుషులు ఎత్తగలిగే. నాలుగు మీటర్ల స్లాబు వేసి ముట్టుకోకుండా వదిలేస్తే లోపల ఏముందో భగవంతుడికే తెలియాలి.

ఇంకో చిక్కు. వెయ్యికి ఒకటి వాలంటే 3 కిలోమీటర్లకి 3 మీటర్లు దిగాలి. కోస్తా ఊళ్లలో మూడు మీటర్ల దిగుడు ఎక్కడుంది? కాబట్టి డ్రైను మొత్తం ఒకే చివరకి తీసుకుపోకూడదు. 500, 600 మీటర్లకి ఒకచోట పక్క కాలువలోకో వాగులోకో వదలాలి. వదిలే చోట కాలువ నీటిమట్టం ఎంత? వానాకాలంలో నిండుగా ఉన్నప్పుడు ఎంత? మీ డ్రైను అడుగు దానికంటే కిందుంటే కాలువ నీళ్లు వెనక్కి ఊళ్లోకి వస్తాయి. లెవెలింగు ఆ చివర నుంచి మొదలుపెట్టి ఊళ్లోకి రండి. చాలామంది ఊళ్లోంచి మొదలుపెట్టి, చివరికి వెళ్లాక, అరె, కాలువ పైనుందే అంటారు.

రోడ్డు మీది నీళ్లు డ్రైనులోకి దిగే కన్నం గురించి. కెర్బు, అంటే రోడ్డు అంచు రాయి, దాని కింద, 15 నుంచి 20 మీటర్లకి ఒకటి. కెర్బు ఎత్తు 150 మిల్లీమీటర్లు. అయిదేళ్లకొకసారి పాత తారు మీదే 40 మిల్లీమీటర్లు వేసుకుంటూ పోతే మూడోసారికి 120 పోయింది. కెర్బు ఎంత మిగిలింది? 30 మిల్లీమీటర్లు. రెండు వేళ్ల మందం. నీళ్ల కన్నం తారు కింద సమాధి. కొట్లు రోడ్డుకంటే పల్లమయ్యాయి. అప్పుడు కొట్టతను గుమ్మం ముందు గట్టు కడతాడు, తప్పు అతనిదే అంటాం. పాత తారు గీకి తీసి, అదే మట్టానికి కొత్తది వేయాలి. మిల్లింగ్ అంటారు. ఎస్టిమేట్‌లో ఆ ఐటం ఉందో లేదో కౌన్సిలర్ గారూ, మీరు అడగండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి.

నేల కింద

తారు వేసిన మూడో నెలలో తవ్వే రోడ్డుని చూశారా? చూడనివాళ్లు చేతులెత్తండి. ఎవరూ ఎత్తరు.

పైపు పగిలితే తవ్వాలి, తప్పదు. కానీ ఇంటి కనెక్షన్ కోసం తవ్వటం తప్పించుకోగలిగింది. పైపు రోడ్డుకి ఒకవైపే ఉంటే అవతలి వైపు ప్రతి ఇంటికీ రోడ్డు కోయాలి. రెండు వైపులా ఒక్కో పైపు వేస్తే కోత ఉండదు. పైపు ఖర్చు పెరుగుతుంది, నిజమే. రోడ్డు కోత ఖర్చుతో పోల్చి చూడండి. పైగా ప్రతి 100, 150 మీటర్లకి రోడ్డుకి అడ్డంగా 300 మిల్లీమీటర్ల ఎన్‌పీ 4 హ్యూమ్ పైపు, అంటే బరువు మోసే కాంక్రీటు గొట్టం, ఖాళీగా పాతి పెట్టండి. రేపెవడో ఫైబర్ కేబుల్ అంటాడు, ఎల్లుండి ఇంకొకడు ఇంకోటి అంటాడు. ఆ ఖాళీ పైపులోంచి లాక్కుపొమ్మనండి. అది ఎక్కడుందో కెర్బు మీద గుర్తు చెక్కించండి. గుర్తు లేకపోతే పాతిపెట్టి లాభం లేదు.

పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపులుంటే ఇప్పుడే మార్చేయండి. వాటి మీద వైబ్రేటరీ రోలరు తిప్పితే ఆ రాత్రే పగులుతాయి. అమృత్ 2.0 అనేది రోడ్లకి కాదు, మంచినీటి పైపులకి డబ్బిచ్చే కేంద్ర పథకం. అమృత్ పైపులు రోడ్డుకంటే ముందు వస్తాయా, తర్వాత వస్తాయా? ఈ ఒక్క తేదీ కోసం రెండు ఆఫీసులు మాట్లాడుకోవాలి. అంతే.

కందకం పూడ్చటం. మట్టి అంతా ఒకేసారి తోసి, పైన జేసీబీ బకెట్‌తో రెండు దెబ్బలు కొడతారు. ఆరు నెలల్లో రోడ్డు పొడవునా పైపు ఎక్కడుందో కళ్లకి కనిపిస్తుంది, అంత చక్కగా కుంగుతుంది! 200 మిల్లీమీటర్ల పొర వేయాలి, తడపాలి, దిమ్మిస కొట్టాలి, ఇసుకతో సాంద్రత పరీక్ష చేయాలి, మళ్లీ పొర. పరీక్ష కాగితం లేకుండా బిల్లు ఇవ్వకండి.

కరెంటు స్తంభాలు. రోడ్డు వెడల్పు చేసి స్తంభం రోడ్డు మధ్యలో వదిలేసిన ఊళ్లు మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. డిస్కంకి డబ్బు ముందే కట్టాలి, తర్వాతే వాళ్లు కదులుతారు. అగ్రిమెంటు అయ్యాక దరఖాస్తు పెడితే ఆర్నెల్లు మీవి కావు. అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్, అంటే పరిపాలనా మంజూరులోనే స్తంభాల తరలింపు ఒక పద్దుగా ఉండాలి. చెట్లు కొట్టటానికి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం కింద అనుమతి కూడా ఇదే దశలో.

ఆ ఆరు రాత్రులు

ఇప్పుడు తారు. మట్టి పరీక్షకి 500 మీటర్లకి ఒక గుంట తవ్వి చూడండి. నల్లరేగడి ఉంటే సీబీఆర్, అంటే మట్టి బలం చెప్పే అంకె, రెండో మూడో వస్తుంది, దాని మీద నేరుగా రోడ్డు నిలవదు. మంచి మట్టి అరమీటరు పొర వేసి మొదలుపెట్టాలి. లారీ బరువు లెక్క కూడా ముఖ్యం. బరువు ఒకటిన్నర రెట్లయితే రోడ్డుకి నష్టం ఒకటిన్నర రెట్లు కాదు, అయిదు రెట్లు. నాలుగో ఘాతం లెక్క అది. చీమకుర్తి గ్రానైటు బండలు మోసే లారీలు తిరిగే దారికీ, బస్సులు, ఆటోలు తిరిగే దారికీ ఒకే మందం ఎలా పెడతారు? ఏడు రోజులు బళ్లు లెక్కపెట్టండి, కొన్ని లారీలని తూకం వేయండి.

వేసే రాత్రి ఏఈ చేతిలో ఉండాల్సింది థర్మామీటరు. వీజీ 30 అనే రకం తారుకి మిక్సు ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీలు. పేవర్‌లో పోసేటప్పుడు 140కి తగ్గకూడదు. రోలింగు 90కి పైనే ముగియాలి. టిప్పరు వచ్చింది, టార్పాలిన్ లేదు, గంటన్నర దారిలో ఇరుక్కుంది. పొడుగు కాడ థర్మామీటరు మిక్సులోకి గుచ్చితే 118 చూపించింది. ఏం చేస్తారు? కాంట్రాక్టరు అంటాడు, సార్, 16 టన్నులు సార్, వెనక్కి పంపితే నా నష్టం. మీరు వేయనిస్తే? చల్లారిన మిక్సు రోలరు కింద నలగదు, లోపల ఖాళీలు మిగులుతాయి, నీళ్లు దిగుతాయి. మొదటి వానాకాలానికి సరిగ్గా ఆ టిప్పరు పోసిన చోటే గులక లేస్తుంది. వెనక్కి పంపాలి. పంపినట్టు రిజిస్టరులో టిప్పరు నంబరు రాయాలి.

కొత్త పొర కిందిదానికి అంటుకోవటానికి చల్లే టాక్ కోటు చదరపు మీటరుకి పావు కిలో. 45,000కి 11 టన్నుల పైచిలుకు తారు ఎమల్షన్. ఎన్ని టన్నులు వచ్చిందో బిల్లులు చూస్తే చాలు, మిగతా కథ తెలుస్తుంది.

జంక్షన్లు

దీన్ని త్వరగా చెబుతాను, టైము అయిపోతోంది. హైవే మీద 80 మీద వచ్చే లారీకి ఇక్కడ ఊరు మొదలైందని రోడ్డే చెప్పాలి. బోర్డు ఒక్కటే చెబితే వినదు. మొదటి జంక్షన్‌లో రోడ్డు ఇరుకుగా కనిపించేలా డివైడర్ మొదలు, లైట్లు, ఎత్తు చేసిన దాటుడు దారి. డివైడర్ రెండు కిలోమీటర్లు సందు లేకుండా కట్టారనుకోండి, ఏమవుతుంది? అవతల వైపు పెట్రోలు బంకుకి పోవటానికి రెండు కిలోమీటర్లు ఎవరు తిరుగుతారు? రాంగ్ రూట్‌లో వస్తారు. బళ్లు తిరగటానికి 300, 400 మీటర్లకి సందు, ఆ సందులో బండి నిలబడే జాగా ఉండాలి. మనుషులు దాటే చోట్లు ఇంకా దగ్గర దగ్గరగా. బస్టాపు జంక్షన్ దాటాక పెట్టండి, ముందు పెట్టకండి. ముందు పెడితే ఆగిన బస్సు వెనక ఎడమకి తిరిగేవాళ్లంతా ఇరుక్కుంటారు.

ఆర్చీలు, విగ్రహాల మాట. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకి, కట్టడాలకి అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. తీర్పు కాపీ ఫైలులో పెట్టుకోండి. ఒత్తిడి వచ్చినప్పుడు పనికొస్తుంది.

లైట్లు. 30 మీటర్లకి స్తంభం అయితే 100 స్తంభాలు, రెండేసి 120 వాట్ల దీపాలు, 24 కిలోవాట్లు. రాత్రికి పదకొండున్నర గంటలు. ఏడాదికి లక్ష యూనిట్లు. పెట్టేటప్పుడు గ్రాంటు వస్తుంది, బిల్లు మాత్రం మున్సిపాలిటీదే. నెలనెలా.

డబ్బు

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న మాట. ఒక్క పద్దు నుంచి మొత్తం రోడ్డుకి డబ్బు రాదు. ముక్కలుగా వస్తుంది. ఏ ముక్కకి ఏ పద్దు సరిపోతుందో తెలియాలి.

ఆర్థిక సంఘం గ్రాంటుని అందరూ లెక్కలోకి తీసుకుంటారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 26 వరకు చిన్న పట్టణాలకిచ్చిన దాంట్లో 60 శాతం మంచినీరు, పారిశుద్ధ్యానికి కట్టేసి ఉండేది. ఏ పనికైనా వాడుకోగలిగింది 40 శాతమే. మొత్తం అంకె చూసి రోడ్డుకి ప్లాను వేసుకున్న మున్సిపాలిటీకి ఏమవుతుంది? సగం పనికి బిల్లు ఆగుతుంది. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టకపోతే అసలు గ్రాంటే వచ్చేది కాదు.

రోడ్డు ఆర్ అండ్ బీదైతే సీఆర్‌ఐఎఫ్, అంటే కేంద్ర రహదారులు, మౌలిక వసతుల నిధి ఉంది. మనం పోయించుకునే పెట్రోలు, డీజిలు సెస్సులోంచి వచ్చే నిధి, 2000 నాటి చట్టం. ప్రతిపాదన రాష్ట్రం నుంచి పోవాలి. అందుకే ఎవరి రోడ్డని మొదట అడిగాను. మున్సిపాలిటీకి మార్చేసుకున్నాక ఈ తలుపు దగ్గర మీకు చోటుండదు. తొందరపడి మార్చుకోకండి.

అప్పు కావాలంటే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ ద్వారా నడిచే యూఐడీఎఫ్, అంటే పట్టణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి ఉంది, 2023–24 బడ్జెట్‌లో రెండో, మూడో శ్రేణి నగరాల కోసం ప్రకటించారు. వరద నీటి కాలువలకి అందులో చోటుంది. అప్పు రాష్ట్రం తీసుకుంటుంది, తీర్చే బరువు ఎవరిదో ముందే తేల్చుకోండి. గనులున్న జిల్లాలో, గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతమైతే డీఎంఎఫ్, అంటే జిల్లా ఖనిజ నిధి అడగండి, ఆ లారీలే కదా రోడ్డు తినేది. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, నియోజకవర్గం మొత్తానికి. రోడ్డు అడగకండి, బస్ షెల్టర్లు అడగండి, వస్తాయి. పెద్ద సంస్థ వల్ల ట్రాఫిక్ పెరిగితే దాన్నీ వాటాకి పిలవచ్చు. తిరుపతిలో 2023లో తెరిచిన శ్రీనివాస సేతు ఖర్చుని టీటీడీ, స్మార్ట్ సిటీ కార్పొరేషన్ పంచుకున్నాయి.

సొంత ఆదాయం. రోడ్డు పక్క ఖాళీ స్థలాల పన్ను, అభివృద్ధి వల్ల స్థలం విలువ పెరిగినందుకు తీసుకునే బెటర్‌మెంట్ చార్జీలు, హోర్డింగు ఫీజులు, రోడ్డు కోత చార్జీలు. ఇవన్నీ జనరల్ ఫండ్‌లో పడి జీతాలకి పోతాయి. కౌన్సిల్ తీర్మానం చేసి ఈ రోడ్డు నుంచి వచ్చేదాన్ని వేరే ఖాతాలో వేయండి. డ్రైను పూడిక తీయటానికి, లైట్ల బిల్లుకి అదే దిక్కు.

ఇంకో మాట. పది కోట్లు మంజూరైందంటే పది కోట్ల పని కాదు. 18 శాతం జీఎస్టీ తీస్తే 8 కోట్ల 47 లక్షలు. దాంట్లోంచి ఒక శాతం లేబర్ సెస్సు, ఇసుక, కంకర మీద కట్టే సీనరేజి, క్వాలిటీ కంట్రోల్, స్తంభాల తరలింపు. పని విలువ ఎనిమిదికి లోపే. తారు ధర కూడా నిలకడగా ఉండదు, ఆయిల్ కంపెనీలు నెలకి రెండుసార్లు మారుస్తాయి. ఏడాది దాటే పనికి ధర సవరణ క్లాజు లేకపోతే కాంట్రాక్టరు డ్రైను చేసి, తారు దగ్గర ఆగిపోతాడు. లేదా వేసి, మందంలో తీసుకుంటాడు.

డబ్బు మూడు కోట్లే ఉందనుకోండి. మూడు కిలోమీటర్లూ పలచగా పూయకండి. నీళ్లు బయటికి పోయే చివర నుంచి ఒక కిలోమీటరు, డ్రైను, పైపులు, ఫుట్‌పాత్, తారు, గుర్తులు, అన్నీ పూర్తిగా చేయండి. ఒకే ప్యాకేజీలో, ఒకే కాంట్రాక్టరుకి. డ్రైను ఒకడు, రోడ్డు ఒకడు, లైట్లు ఒకడు అయితే డ్రైను పలక రోడ్డుకంటే నాలుగంగుళాలు ఎత్తులో ఉంటుంది. ఎందుకు ఉందని అడిగితే ముగ్గురూ పక్కవాడిని చూపిస్తారు.

చీటీలు వచ్చాయి, రెండు చదువుతాను. మొదటిది వ్యాపారుల సంఘం నుంచి. పని జరిగినన్నాళ్లూ కొట్లు మూసుకోవాలా? అక్కర్లేదు, టెండరులోనే రాయించుకుంటే. ఒకేసారి 150 మీటర్లకి మించి తవ్వకూడదు, ప్రతి కొట్టు ముందూ నడిచే పలక, తవ్విన ముక్క పూర్తయ్యాకే ముందుకి. ఒకవైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు. ఇది లేకపోతే కాంట్రాక్టరు మూడు కిలోమీటర్లూ తవ్వి, మొదటి బిల్లు తీసుకుని, వేరే ఊరు పోతాడు. దసరా, సంక్రాంతి నెలల్లో తవ్వకం వద్దని కూడా రాయించండి.

రెండోది. కొత్త రోడ్డు ఎన్నాళ్లు తవ్వకుండా ఆపగలం? అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్, అంటే చెడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు, ఎంతుందో అంతకాలం కోత అనుమతి ఇవ్వకండి. ఆ మధ్యలో ఇంకొకడు కోస్తే కాంట్రాక్టరు, రోడ్డు చెడింది నా వల్ల కాదు, ఆ కోత వల్ల అంటాడు, అతని మాట నిలుస్తుంది. అత్యవసరమైతే కోతకి ముందు ఫొటో, తర్వాత ఫొటో, పూడ్చింది ఎవరో పేరు, మూడూ రోడ్డు రిజిస్టరులో. ఆ రిజిస్టరు మీ మున్సిపాలిటీలో ఉందా, ఏఈ గారూ? లేదా? రేపు ఒక నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీలో గెజిట్ నంబరు రాయండి.